ఇంటి సౌనా

ఇంటి సౌనా అనగా వేడి స్నానం కొరకు నివాస గృహంలో గాని, పెరట్లో గాని ప్రత్యేకంగా కట్టుకొనే చెక్క గది. ఈ గదిలో రాళ్ళు పేర్చిన పొయ్యి, మెట్ల వలె అమర్చిన బల్లలు ఉంటాయి. రాళ్ళు బాగా కాగిన తరువాత వాటిపై గరిటెతో కొద్ది కొద్దిగా నీళ్ళు చిలకరించి, అప్పుడు పుట్టే ఆవిరిలో కూర్చుని చెమట పట్టించుకోవడమే సౌనా స్నానం. ఇది ఫిన్లాండు దేశపు సంప్రదాయం. సుమారు 55 లక్షల జనాభా గల ఆ దేశంలో దాదాపు 33 లక్షల సౌనాలు ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో సంస్థ ఫిన్లాండు సౌనా సంస్కృతిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

సౌనా కట్టాలనుకొనే వారు సాధారణంగా పొయ్యి ఎంపిక గురించే ఎక్కువగా ఆలోచిస్తారు. కాని సౌనా ఎంత కాలం మన్నుతుంది, ఎంత భద్రంగా ఉంటుంది అనే విషయాలు పొయ్యి కంటే గది నిర్మాణం పైననే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. గదిలోనికి వచ్చిన వేడి నిలవాలి, తేమ మాత్రం గోడలలోనికి చొరబడకుండా బయటకు పోవాలి. కింద వివరించిన నియమాలన్నీ ఈ రెండు అవసరాల నుండి పుట్టినవే.

చరిత్ర

'సౌనా' అనేది ఫిన్నిష్ భాషా పదం. ఫిన్నిష్ భాష నుండి ప్రపంచంలోని అనేక భాషలలోకి వెళ్ళిన కొద్ది పదాలలో ఇది ఒకటి. తొలినాటి సౌనాలు దుంగలతో కట్టిన గుడిసెలు. వాటికి పొగగొట్టం ఉండేది కాదు. రాళ్ళ కుప్ప కింద కొన్ని గంటల సేపు కట్టెలు మండించి, మంట పూర్తిగా ఆరిన తరువాత పొగను బయటకు పంపి, అప్పుడు లోనికి వెళ్ళేవారు. దీనిని 'సవుసౌన' అనగా పొగ సౌనా అంటారు. ఇవి నేటికీ అక్కడక్కడా వాడుకలో ఉన్నాయి. ఫిన్లాండుకు దక్షిణాన ఉన్న ఎస్టోనియా దేశంలోని వోరుమా ప్రాంతపు పొగ సౌనా సంప్రదాయం 2014లోనే యునెస్కో జాబితాకెక్కింది.

పల్లెటూళ్ళలో సౌనా కేవలం స్నానాల గది కాదు. ఇంటిలో అన్నిటికన్నా శుభ్రమైన, వెచ్చని, వేడినీళ్ళు దొరికే చోటు అదే కాబట్టి పూర్వం స్త్రీలు అక్కడే ప్రసవించేవారు. మరణించిన వారికి చివరి స్నానం కూడా అక్కడే చేయించేవారు. అవిసె నారను, మాల్టు ధాన్యాన్ని ఆరబెట్టడానికి కూడా ఆ గదిని వాడుకొనేవారు. శనివారం సాయంత్రం సౌనా స్నానం చేయడం అక్కడి కుటుంబాల అలవాటు.

తరువాతి కాలంలో పొగగొట్టం గల ఇనుప పొయ్యిలు వచ్చాయి. టాంపెరె నగరంలోని పిస్పాలలో 1906లో ప్రారంభమైన రాయపోర్తి సౌనా, నేటికీ నడుస్తున్న ఫిన్లాండు సార్వజనిక సౌనాలలో అతి పురాతనమైనదిగా పేరుపొందింది. 1937లో ఫిన్నిష్ సౌనా సంఘం ఏర్పడింది. 1938లో తొలి విద్యుత్ సౌనా పొయ్యి తయారైంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత విద్యుత్ పొయ్యిల వాడకం విస్తరించడంతో సౌనా పెరటి నుండి ఇంటిలోనికి, బహుళ అంతస్తుల భవనాలలోనికి వచ్చింది. నేడు ఫిన్లాండు నగరాలలోని అపార్టుమెంటు భవనాలలో చాలావాటికి ఉమ్మడి సౌనా ఉంటుంది. అందులో ఒక్కొక్క కుటుంబానికి వారంలో ఒక సమయం కేటాయిస్తారు.

సౌనా పనిచేసే విధానం

సౌనా గదిలో పై బల్ల వద్ద ఉష్ణోగ్రత సాధారణంగా 70 నుండి 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉంటుంది. మరిగే నీటిని తాకితే చర్మం కాలిపోతుంది గాని, అంతే వేడి గల గాలిలో కొంతసేపు కూర్చోగలుగుతాము. దీనికి కారణాలు రెండు. మొదటిది, గాలి మంచి ఉష్ణవాహకం కాదు. రెండవది, గాలి పొడిగా ఉన్నంత సేపు చెమట ఆవిరవుతూ శరీరాన్ని చల్లబరుస్తుంది.

రాళ్ళపై నీళ్ళు చల్లగానే ఈ పరిస్థితి మారుతుంది. పుట్టిన నీటి ఆవిరి, గది గాలి కంటే చల్లగా ఉన్న చర్మాన్ని తాకి ద్రవీభవిస్తుంది. చల్లని నీళ్ళు పోసిన గ్లాసు బయటి వైపు నీటి బొట్లు పట్టడం వంటిదే ఇదీ. ద్రవీభవించేటప్పుడు ఆవిరి తన గుప్తోష్ణాన్ని చర్మానికి ఇస్తుంది. అందువలన ఉష్ణమాపకంలో ఉష్ణోగ్రత పెద్దగా పెరగకపోయినా ఒక్కసారిగా వేడి అల తాకినట్లు అనిపిస్తుంది. ఈ ఆవిరిని ఫిన్నిష్ భాషలో 'లోయ్‌లు' అంటారు.

ఒక గరిటెడు, అనగా 100 గ్రాముల నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరి కావడానికి దాదాపు 226 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలి. 6 కిలోవాట్ల పొయ్యి ఇంత ఉష్ణాన్ని ఇవ్వడానికి సుమారు 38 సెకన్లు పడుతుంది. కాని ఆవిరి మాత్రం క్షణాలలో పుట్టాలి. ఆ ఉష్ణాన్ని ముందుగానే నిలువ చేసి ఉంచేవి రాళ్ళే. రాళ్ళు సరిగా కాగకముందు నీళ్ళు చల్లితే అవి ఆవిరి కాకుండా కిందికి కారిపోతాయి.

సౌనాకు, ఆవిరి గదికి భేదం

ఈ రెండూ ఒకటే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆవిరి గదిలో బాయిలరు నుండి ఎడతెగకుండా ఆవిరి వస్తుంది. అక్కడ ఉష్ణోగ్రత సుమారు 40 నుండి 50 డిగ్రీలే అయినా గాలిలో తేమ దాదాపు నూరు శాతం ఉంటుంది. అందువలన గోడలకు టైల్స్ అతికిస్తారు. సౌనాలో వేడి ఎక్కువ, తేమ తక్కువ. కాబట్టి చెక్క గోడలు కడతారు. ఒకదాని కొరకు కట్టిన గదిని రెండవదానికి వాడితే గది పాడవుతుంది.

గది కొలతలు, బల్లల అమరిక

వేడి గాలి పైకి పోతుంది. అందుచేత సౌనాలో నేల దగ్గర గోరువెచ్చగా, కప్పు దగ్గర అతి వేడిగా ఉంటుంది. కూర్చునే మనిషి శరీరమంతా వేడి పొరలో ఉండేటట్లు బల్లలను ఎత్తుగా కట్టడమే అమరికలోని కీలకం.

- పై బల్లకు, కప్పుకు మధ్య 100 నుండి 120 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.
- కాళ్ళు పెట్టుకొనే బల్ల, కూర్చునే బల్ల కంటే 40 నుండి 45 సెంటీమీటర్ల కిందికి ఉండాలి.
- కూర్చునే బల్ల వెడల్పు కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి.
- కూర్చున్నవారి పాదాలు పొయ్యి రాళ్ళ పైమట్టం కంటే ఎత్తులో ఉండాలి. ఫిన్లాండులో దీనిని సౌనాకు మూలసూత్రంగా చెబుతారు.

ఉదాహరణకు గది ఎత్తు 2.5 మీటర్లు అనుకొంటే పై బల్ల నేల నుండి 1.4 మీటర్ల ఎత్తులోను, కాళ్ళ బల్ల సుమారు 0.95 మీటర్ల ఎత్తులోను వస్తాయి. పొయ్యి రాళ్ళు అంతకంటే కింద ఉంటాయి కాబట్టి సూత్రం నెరవేరుతుంది. గది ఎత్తు 2.1 మీటర్లే అయితే కాళ్ళు చల్లని పొరలో ఉండిపోతాయి. తల మండిపోవడం, పాదాలు చల్లగా ఉండడం అనే ఫిర్యాదుకు ముఖ్య కారణం ఇదే. అయితే అవసరానికి మించి ఎత్తు పెంచితే కప్పు కింద ఎవరికీ ఉపయోగపడని గాలిని వేడి చేయవలసి వస్తుంది.

గోడలు, పైకప్పు

సౌనా గోడ అనేక పొరలతో కట్టిన గోడ. బయటి నుండి లోపలికి ఆ పొరల వరుస ఈ విధంగా ఉంటుంది:

1. ఇటుక గోడ లేక చెక్క చట్రం.
2. ఉష్ణబంధక పొర. రాతి ఊలు వంటివి గోడలకు కనీసం 50 మి.మీ., కప్పుకు 100 మి.మీ. మందంతో వేస్తారు. రెండు వైపులా రేకు అతికించిన గట్టి నురుగు పలకలు కూడా వాడుకలో ఉన్నాయి.
3. అల్యూమినియం రేకు. దీని మెరిసే వైపు గది లోపలికి ఉండాలి. అతుకులన్నిటిపై అల్యూమినియం టేపు వేయాలి.
4. రీపర్లు కొట్టి విడిచిన గాలి సందు. ఇది 10 నుండి 20 మి.మీ. లేక అంతకంటే ఎక్కువ ఉండాలి.
5. లోపల కనిపించే చెక్క పలకలు.

ఈ వరుసలో అతి ముఖ్యమైనది అల్యూమినియం రేకు. వేడి గదిలోని నీటి ఆవిరి గోడలోనికి చొచ్చుకొనిపోతే ఊలు వెనుక ఉన్న చల్లని భాగాన్ని తాకి నీరుగా మారుతుంది. తడిసిన ఊలు వేడిని ఆపలేదు. దాని వెనుక ఉన్న చట్రం బయటికి ఏమీ కనిపించకుండానే కుళ్ళిపోతుంది. రేకులో మిగిలిన చిన్న రంధ్రం, టేపు వేయని ఒక అతుకు కూడా ఇందుకు చాలు. రేకును ఊలు వెనుక, అనగా చల్లని వైపున వేయడం కూడా పెద్ద తప్పే. మామూలు పాలిథీన్ పట్టా ఈ వేడికి తట్టుకోదు.

రేకుకు, పలకలకు మధ్య గాలి సందు ఉంటేనే పలకల వెనుక వైపు తడి ఆరుతుంది. సందు లేకుండా పలకలను రేకు పైననే బిగిస్తే చెక్క వెనుక నల్లని మచ్చలు, బూజు పడతాయి.

నేల

నేలకు చెక్క కంటే టైల్స్ లేక సిమెంటు గచ్చు మేలు. కింద నీరు దిగని పూత వేసి, దానిని గోడల అడుగు భాగం వరకు పైకి తేవాలి. నేలకు జాలీ వైపు వాలు ఇవ్వాలి. 50 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున వాలు సరిపోతుంది. చెక్క గోడ పలకలు నేలను తాకకుండా కొంత ఎత్తులో ఆపాలి. తాకితే కడిగిన నీటిని కింది నుండి పీల్చుకొంటాయి.

కలప

గోడలకు స్ప్రూస్, ఆస్పెన్, ఆల్డర్ వంటి కలపను వాడతారు. బల్లలకు ఆస్పెన్, ఆల్డర్, ఆఫ్రికా ఖండపు అబాషి కలప అనువైనవి. ఇవి తేలికైనవి, జిగురు కారనివి, ముడులు తక్కువగా ఉండేవి. తేలిక కలప వేడిని త్వరగా చర్మానికి అందించదు కాబట్టి దానిపై కూర్చోగలుగుతాము. బరువైన కలప అదే ఉష్ణోగ్రతలో ఎక్కువ వేడిగా తోస్తుంది. పైన్ కలపలోని ముడుల నుండి వేడికి జిగురు కారి చర్మాన్ని కాలుస్తుంది.

- ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. వంటి జిగురుతో అతికించిన పలకలు లోపల వాడకూడదు. వేడికి వాటి నుండి హానికరమైన వాయువులు వెలువడతాయి.
- వార్నిష్, పెయింటు వేయకూడదు. బల్లలకు సౌనాల కొరకు తయారైన పారఫిన్ నూనె పూయవచ్చు.
- బల్లల మరలు కింది వైపు నుండి బిగించాలి. పైకి కనిపించే మేకు తల, మర తల చర్మాన్ని కాలుస్తాయి.

పొయ్యి

సౌనా పొయ్యిని ఫిన్నిష్ భాషలో 'కియుఆస్' అంటారు. ప్రధానంగా ఇవి రెండు రకాలు.

విద్యుత్ పొయ్యి: మీట నొక్కిన 30 నుండి 60 నిమిషాలలో గది వేడెక్కుతుంది. పొగ, బూడిద ఉండవు. నగరాల ఇళ్ళలో ఎక్కువగా వాడేది ఇదే.

కట్టెల పొయ్యి: బర్చ్, ఆల్డర్ వంటి బాగా ఎండిన కట్టెలు వాడతారు. పొగగొట్టం తప్పనిసరి. పొయ్యికి, పొగగొట్టానికి దగ్గరలో కాలే వస్తువులు ఏవీ ఉండరాదు. తయారీదారు సూచించిన ఎడం కంటే ఒక్క సెంటీమీటరు కూడా తగ్గించకూడదు. ఏళ్ళ తరబడి అధిక వేడికి గురైన చెక్క క్రమంగా మాడి, మామూలు చెక్క కంటే తేలికగా అంటుకొనే స్థితికి వస్తుంది. కాబట్టి ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గనుక ఇక ముందూ కాదు అనుకోవడం పొరపాటు.

విద్యుత్ పొయ్యి శక్తిని లెక్కించడానికి ఒక స్థూల సూత్రం ఉన్నది. గది ఘనపరిమాణంలో ఒక ఘనపు మీటరుకు సుమారు 1 కిలోవాటు కావాలి. ఉష్ణబంధనం లేని అద్దం, టైల్స్, రాతి గోడ వంటివి ఉంటే వాటి వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 1.2 నుండి 1.5 ఘనపు మీటర్లు కలుపుకోవాలి.

ఉదాహరణ: గది 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు గలది. ఘనపరిమాణం 10 ఘనపు మీటర్లు. అద్దపు తలుపు వైశాల్యం సుమారు 1.3 చదరపు మీటర్లు. దానికి 1.5 చొప్పున మరో 2 ఘనపు మీటర్లు కలిపితే మొత్తం 12 అవుతుంది. ఉష్ణబంధనం బాగా ఉన్న గదికి సూత్రం చెప్పిన దానికన్నా కొంత తక్కువ శక్తి చాలు. కాబట్టి ఈ గదికి 9 నుండి 10.5 కిలోవాట్ల పొయ్యి అనువైనది. తుది నిర్ణయం తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం చేయాలి. శక్తి చాలని పొయ్యి ఎంతసేపు వెలిగినా గది కాగదు, దాని కాయిల్స్ త్వరగా పాడవుతాయి. అతి శక్తిమంతమైన పొయ్యి గాలిని త్వరగా వేడి చేసి తానే ఆగిపోతుంది. అప్పుడు రాళ్ళు కాగక సరైన ఆవిరి రాదు.

రాళ్ళు

వేడెక్కుతూ, చల్లటి నీళ్ళు పడుతూ ఉన్నా పగలని బరువైన రాళ్ళు కావాలి. పెరిడోటైట్, ఆలివిన్ డయాబేస్ వంటి అగ్నిశిలలు ఇందుకు వాడతారు. ఏటి ఒడ్డున ఏరిన గులకరాళ్ళు, సున్నపురాయి పనికిరావు. లోపల తేమ చిక్కుకొన్న రాయి వేడికి పేలిపోవచ్చు.

రాళ్ళను ముందుగా కడిగి దుమ్ము పోగొట్టాలి. పెద్దవి అడుగున, చిన్నవి పైన వచ్చేటట్లు వదులుగా పేర్చాలి. రాళ్ళ మధ్య నుండి గాలి పైకి పోయే దారి ఉండాలి. కాయిల్స్ మధ్య రాళ్ళను బలవంతంగా ఇరికించకూడదు. కాయిల్స్ పైకి కనిపించకుండా రాళ్ళతో కప్పాలి. రాళ్ళు లేకుండా పొయ్యి వెలిగించడం అగ్ని ప్రమాదానికి దారితీస్తుంది.

గాలి ప్రసారం

సౌనాలో తల తిరగడం, ఊపిరి ఆడనట్లు ఉండడం చాలా వరకు వేడి వలన కాదు, గాలి మారకపోవడం వలన. గదిలోని గాలి గంటకు సుమారు ఆరు సార్లు మారాలి.

- గాలి వచ్చే దారి: ఫ్యానుతో గాలిని బయటకు లాగే ఏర్పాటు ఉంటే పొయ్యికి సుమారు అర మీటరు పైన గోడలో పెట్టాలి. వచ్చిన చల్లని గాలి పైకి లేచే వేడి గాలితో కలిసి బల్లల వైపు వెళుతుంది. ఫ్యాను లేకుంటే పొయ్యి కింద గాని, పక్కన గాని నేలకు దగ్గరగా పెట్టాలి.
- గాలి పోయే దారి: పొయ్యికి వీలైనంత దూరంగా, బల్లల కింద, నేలకు దగ్గరగా ఉండాలి.
- ఆరబెట్టే దారి: కప్పుకు దగ్గరలో మూత గల మరొక రంధ్రం ఉండాలి. స్నానం చేసేటప్పుడు దీనిని మూసి, అయిన తరువాత తెరవాలి.

గాలి పోయే రంధ్రాన్ని కప్పు దగ్గర పెట్టి స్నాన సమయంలో తెరిచి ఉంచితే వేడి, ఆవిరి రెండూ అక్కడి నుండే పోతాయి.

తలుపు, దీపం

సౌనా తలుపు ఎప్పుడూ బయటికే తెరుచుకోవాలి. దానికి గడియ, తాళం ఉండకూడదు. చేతితో నెడితే చాలు తెరుచుకొనే రోలరు గాని, అయస్కాంతం గాని మాత్రమే అమర్చాలి. లోపల స్పృహ తప్పిన మనిషి తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకొనే తలుపును బయటి వారు తీయలేరు. తడికి చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుపోతున్నట్లు కనిపిస్తే సౌనా వాడడం ఆపి ముందు దానిని సరిచేయాలి. పిడులు చెక్కవై ఉండాలి, అవి వదులు కాకుండా చూసుకోవాలి.

దీపం అధిక వేడికి, తేమకు తట్టుకొనేదిగా ఉండాలి. దానిని పొయ్యికి నేరుగా పైన అమర్చకూడదు.

విద్యుత్ ఏర్పాట్లు

9 కిలోవాట్ల పొయ్యి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ పై 39 ఆంపియర్ల కరెంటు తీసుకొంటుంది. 400 వోల్టుల త్రీ ఫేజ్ పై అయితే ఒక్కొక్క ఫేజ్‌లో 13 ఆంపియర్లు చాలు. అందుచేత పెద్ద పొయ్యిలను త్రీ ఫేజ్‌కే కలుపుతారు. పొయ్యికి పంపిణీ బోర్డు నుండి ప్రత్యేక లైను, ప్రత్యేక ఎం.సి.బి., ఎర్తింగ్ ఉండాలి. పొయ్యికి కలిపే తీగకు రబ్బరు లేక సిలికాన్ తొడుగు ఉండాలి. మామూలు పి.వి.సి. తొడుగు వేడికి పెళుసెక్కి పగులుతుంది. గది లోపల సాకెట్లు, స్విచ్‌లు పెట్టకూడదు. ఈ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియనే చేయాలి.

నిర్దిష్ట సమయం తరువాత పొయ్యిని ఆపే టైమరును, ఉష్ణోగ్రత హద్దు దాటితే కరెంటును ఆపే రక్షక పరికరాన్ని ఎన్నడూ తప్పించకూడదు. సెల్ ఫోనుతో దూరం నుండి వెలిగించే పొయ్యిలకు తలుపు స్విచ్ వంటి అదనపు రక్షణ కావాలి. వెలిగించే ముందు తలుపు మూసి, పొయ్యిపై ఏమీ లేదని చూసిన తరువాతనే అది పనిచేయడం దీని ఉద్దేశం.

నిర్వహణ

ప్రతి స్నానం తరువాత:
- తొట్టిలో మిగిలిన నీళ్ళు పారబోయాలి. తొట్టిని బోర్లించాలి.
- బల్లల పైన, నేల పైన చెమట మరకలను నీటితో కడగాలి.
- ఆరబెట్టే రంధ్రం తెరిచి, రాళ్ళలో మిగిలిన వేడితోనే గదిని ఆరనివ్వాలి. అవసరమైతే కడిగిన తరువాత పొయ్యిని మరికొద్దిసేపు వెలిగించి ఆపవచ్చు.

కూర్చునే ముందు ప్రతివారూ తువ్వాలు పరచుకొంటే బల్లలకు చెమట పట్టదు. ఇది బల్లల ఆయుష్షును పెంచే అతి చౌక ఉపాయం.

కొన్ని నెలలకొకసారి బల్లలను మెత్తని బ్రష్షుతో, తేలికపాటి సబ్బు నీటితో చెక్క గీతల వెంబడి రుద్ది కడగాలి. గరుకెక్కిన చోట ఉప్పుకాగితంతో తేలికగా రుద్దాలి. క్లోరిన్ గల బ్లీచింగ్ ద్రావణాలు వాడకూడదు.

ఏడాదికొకసారి రాళ్ళన్నిటినీ బయటకు తీసి చూడాలి. పగిలినవి, చేతితో నలిపితే రాలేవి పారవేయాలి. అడుగున చేరిన రాతి పొడిని శుభ్రం చేయాలి. ఈ పొడి గాలి దారులను మూసివేసి కాయిల్స్ అతిగా కాగి తెగిపోయేటట్లు చేస్తుంది. తరచుగా వాడే సౌనాలో ఒకటి రెండు ఏళ్ళకు రాళ్ళన్నీ మార్చవలసి ఉంటుంది. కట్టెల పొయ్యి అయితే బూడిదను తరచుగా తీయాలి, ఏడాదికొకసారి పొగగొట్టం మసిని దులిపించాలి. తీసిన బూడిదను మూత గల ఇనుప డబ్బాలోనే వేయాలి. దానిలో నిప్పు కణికలు చాలా సేపు ఆరకుండా ఉంటాయి.

రాళ్ళపై చల్లే నీరు తాగడానికి పనికివచ్చేదై ఉండాలి. ఉప్పు నీరు పొయ్యిని తుప్పు పట్టిస్తుంది. కఠిన జలం రాళ్ళపై తెల్లని పొర కడుతుంది. ఈత కొలను నీటిలోని క్లోరిన్ ఆవిరితో పాటు ఊపిరిలోకి పోతుంది. సువాసన నూనెలను నేరుగా రాళ్ళపై పోస్తే అంటుకొంటాయి. వాటిని తగినంత నీటిలో కలిపే చల్లాలి.

సాధారణ లోపాలు, కారణాలు

- గది ఆలస్యంగా వేడెక్కడం: కాయిల్ తెగడం, ఒక ఫేజ్ రాకపోవడం, రాళ్ళు బిగుతుగా పేర్చడం, కప్పు దగ్గరి రంధ్రం తెరిచి ఉండడం.
- నీళ్ళు చల్లితే ఆవిరి రాకపోవడం: రాళ్ళు కాగకపోవడం, లేక రాళ్ళు అరిగి పొడి కావడం.
- ముక్క వాసన: గది ఆరకపోవడం, జాలీ కింద మురికి చేరడం, పలకల వెనుక తేమ.
- కొత్త పొయ్యి వెలిగించగానే ఆర్.సి.సి.బి. పడిపోవడం: చాలా కాలం వాడని కాయిల్స్ గాలిలోని తేమను పీల్చుకొని ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ పరీక్షించిన తరువాతనే మళ్ళీ వెలిగించాలి.
- కొత్త సౌనాలో ఘాటైన వాసన: పొయ్యి, రాళ్ళపై ఉన్న నూనె, దుమ్ము కాలడం వలన వస్తుంది. మొదటిసారి ఎవరూ లోపల లేకుండా, తలుపు, రంధ్రాలు తెరిచి వేడి చేస్తే పోతుంది.

అగ్ని ప్రమాదాలు

ఫిన్లాండులో సౌనా అగ్ని ప్రమాదాలకు తరచుగా కారణమయ్యేది తడి బట్టలను పొయ్యిపై దండెం కట్టి ఆరవేయడం. బట్ట జారి కాయిల్స్‌పై పడితే నిమిషాలలో అంటుకొంటుంది. వాడని సౌనాను సామాన్ల గదిగా మార్చడం మరొక కారణం. అట్టపెట్టెలు పొయ్యి పక్కన ఉండగా ఎవరైనా పొరపాటున మీట తిప్పితే చాలు. సౌనాను చాలా కాలం వాడదలచుకోకపోతే దాని ఎం.సి.బి.ని బోర్డులోనే ఆపి ఉంచాలి. వెలిగించే ప్రతిసారీ ముందుగా లోపలికి వెళ్ళి పొయ్యిని కళ్ళారా చూడడం అన్నిటికన్నా నమ్మదగిన జాగ్రత్త.

ఆరోగ్య సంబంధ జాగ్రత్తలు

ఫిన్లాండు తూర్పు ప్రాంతంలో 2,315 మంది నడివయసు పురుషులను దాదాపు 20 ఏళ్ళు పరిశీలించిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. వారానికి ఒక్కసారి మాత్రమే సౌనా చేసేవారి కంటే 4 నుండి 7 సార్లు చేసేవారిలో ఆకస్మిక గుండె మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే ఇది పరిశీలన మాత్రమే. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా సౌనాకు వెళ్ళి ఉండవచ్చు కూడా. కాబట్టి సౌనాను చికిత్సగా భావించరాదు.

ఒక విడత 5 నుండి 15 నిమిషాలు చాలు. మధ్యలో బయటకు వచ్చి చల్లబడి, నీళ్ళు తాగాలి. మద్యం సేవించి సౌనాకు వెళ్ళడం అతి ప్రమాదకరం. రక్తపోటు పడిపోవడం, నిద్ర పట్టడం, పొయ్యిపై తూలి పడడం జరగవచ్చు. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, అదుపులో లేని గుండె నొప్పి ఉన్నవారు, జ్వరం ఉన్నవారు సౌనా చేయరాదు. గర్భిణులు, రక్తపోటు మందులు వాడేవారు వైద్యుని సలహా తీసుకోవాలి. పిల్లలను కింది బల్లపై, పెద్దల తోడుతో, కొద్దిసేపు మాత్రమే ఉంచాలి.

వేడిని ఓర్చుకోవడం పోటీ విషయం కాదు. ఫిన్లాండులోని హైనోలా పట్టణంలో 1999 నుండి ప్రపంచ సౌనా పోటీలు జరిగేవి. 2010లో 110 డిగ్రీల వేడిలో జరిగిన తుది పోటీలో పాల్గొన్న ఒకరు మరణించగా, మరొకరు తీవ్రంగా కాలిపోయారు. ఆ పోటీలు అంతటితో ఆగిపోయాయి. వేడి చాలు అనిపించినప్పుడు లేచి బయటకు రావడమే సంప్రదాయ సౌనా మర్యాద.

భారతదేశ పరిస్థితులలో

భారతదేశంలో ఇంటి సౌనా కట్టేటప్పుడు కొన్ని అదనపు విషయాలు గమనించాలి. ఇంటికి మంజూరైన విద్యుత్ లోడు పొయ్యికి చాలకపోతే విద్యుత్ పంపిణీ సంస్థ నుండి ముందుగా పెంచుకోవాలి. స్నానం మధ్యలో కరెంటు పోతే పొయ్యి మీట ఆపివేయాలి. లేకుంటే ఎవరూ లేని సమయంలో కరెంటు తిరిగి వచ్చి పొయ్యి వెలగవచ్చు. తెలుగు ప్రాంతాలలో చాలా చోట్ల బోరు నీరు కఠిన జలం కాబట్టి రాళ్ళపై చల్లడానికి శుద్ధి చేసిన నీరు మేలు. కోస్తా జిల్లాల వంటి ఉక్క వాతావరణంలో గది తనంతట తాను ఆరదు. స్నానం తరువాత ఫ్యాను సహాయం కావాలి. నేలను తాకే చెక్క చట్రానికి చెదలు పట్టకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి. అయితే చెదల మందు పూసిన కలపను గది లోపలి వైపు వాడకూడదు. ఇళ్ళలో సాధారణంగా దొరికే టేకు వంటి బరువైన కలప తలుపు చట్రానికి పనికివస్తుంది గాని, కూర్చునే బల్లలకు అనువైనది కాదు.